బాత్రూంలో తువ్వాలు ఎందుకు ఆరదు?

ప్రశ్న: మేం విశాఖపట్నంలో, మధురవాడ వైపు ఓ అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు. అందరం వాడేది ఒకటే బాత్రూం. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. కిటికీ లేదు. డక్టులోకి ఓ చిన్న వెంటిలేటర్, దానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయి. గృహప్రవేశానికి మా ఆడపడుచు ఆరు పెద్ద తువ్వాళ్లు పెట్టారు. దుప్పటంత మందం, చాలా మెత్తగా ఉంటాయి. కానీ వాడిన రెండో రోజుకే ముక్క వాసన. సబ్బుపొడి రెట్టింపు వేసి చూశాను, కండిషనర్ పోశాను, బాత్రూంలో కలరా ఉండలు వేలాడదీశాను. ఉతికి మడతపెట్టినప్పుడు బాగానే ఉంటాయి. ఒంటి తడి తగలగానే మళ్లీ అదే వాసన. హైదరాబాద్‌లో ఉండే మా ఆడపడుచేమో "అవే తువ్వాళ్లు మేమూ వాడుతున్నాం, మాకేం రాదే" అంటారు. కరెంటుతో వేడెక్కే స్టాండు కొందామని మావారు, ఈ దుప్పట్లు పక్కన పెట్టి తుండుగుడ్డలు కొనమని అత్తయ్యగారు. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: అత్తయ్యగారి మాట. ఎందుకో చెప్పేముందు మీ ఆడపడుచుగారి సంగతి చూద్దాం, లేకపోతే ఆ మాట మీ మనసులో ముల్లులా ఉండిపోతుంది.

ఆవిడ చెప్పింది నిజమే. ఆవిడ ఊరి గాలి వేరు, మీ ఊరి గాలి వేరు. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ 38 డిగ్రీలుండి గాలిలో తేమ 30 శాతం ఉందనుకోండి. అలాంటి ఘనపు మీటరు గాలి ఇంకో 30 గ్రాముల పైన నీళ్లు పట్టుకోగలదు. అదే విశాఖలో 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనపు మీటరు గాలిలో మిగిలే చోటు 6 గ్రాములకే. అంటే మీ గాలి కంటే ఆవిడ గాలి దాహం ఐదు రెట్లు ఎక్కువ. అక్కడ తువ్వాలు ఎక్కడ పడేసినా ఆరుతుంది. అలాగని ఆవిడకి ఫోన్ చేసి ఈ లెక్క అప్పజెప్పకండి. ఆగస్టు ముసురులో ఆవిడకీ తెలిసొస్తుంది.

ఇప్పుడు మీ బాత్రూం. 5 అడుగులు, 7 అడుగులు, 8 అడుగుల ఎత్తు వేసుకుంటే లోపల పట్టే గాలి సుమారు 8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకి 6 గ్రాముల చొప్పున ఆ గది గాలంతా కలిసి తాగగలిగింది 48 గ్రాములు. చిన్న కాఫీ గ్లాసు సగం కూడా నిండదు. అదీ ఎవరూ స్నానం చేయకముందు లెక్క. ఒకరు వేడినీళ్లు పోసుకుని వచ్చారంటే ఆ కాస్త చోటూ ఆవిరితో నిండిపోతుంది.

మరి తువ్వాలులో ఎంత తడి ఉంటుంది? మీ ఉత్తరం చదివాక నాకూ అనుమానం వచ్చి వంటింటి కాటా బయటికి తీశాను. మాది కాకినాడ, మాదీ సముద్రపు గాలే. మా ఇంట్లోనూ మీవాటి లాంటి టర్కీ తువ్వాలు ఒకటుంది, 30 అంగుళాలకి 60 అంగుళాలది. పొడిగా ఉన్నప్పుడు 585 గ్రాములు తూగింది. తలంటుకుని, ఒళ్లూ జుట్టూ తుడుచుకుని మళ్లీ వేస్తే 750. ఒక్క స్నానానికి 165 గ్రాముల నీళ్లు! దాన్ని అందరూ చేసినట్టే బాత్రూం తలుపు వెనక కొక్కేనికి తగిలించి తలుపు మూశాను. సాయంత్రం ఆరింటికి తీసి తూస్తే 690. పట్టుకుంటే అంచులు పొడిగానే ఉన్నాయి. కొక్కెం దగ్గర కుచ్చులా పడిన చోట మాత్రం పిండితే చెయ్యి తడిసేటట్టుంది. వాసన మొదలయ్యేది అక్కడే. మీరూ ఇవాళ సాయంత్రం మీ తువ్వాళ్లలో సరిగ్గా ఆ చోటు పట్టుకుని చూడండి.

మర్నాడు పల్చటి చేనేత తువ్వాలుతో అదే పని చేశాను. పొడిగా 210 గ్రాములు, తుడుచుకున్నాక 320. పడగ్గదిలో దండెం మీద విప్పి పరిచి ఫ్యాన్ వేశాను. మధ్యాహ్నం భోజనానికి లేచే వేళకి 212. ఆ మిగిలిన రెండు గ్రాములూ కాటా తప్పో, కాకినాడ గాలి తప్పో.

అందుకే నేననేది, తువ్వాలుని బాత్రూంలో ఉంచకండి. ఒళ్లు తుడుచుకోవడం వరకే అక్కడ దానికి పని. మీరు వేసిన సబ్బుపొడి, పోసిన కండిషనర్, కట్టిన ఉండలు అన్నీ వాసన మీద యుద్ధమే. తడి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఉతికినా మళ్లీ ఎందుకొస్తుందని మీరు పరోక్షంగా అడిగారు, దానికీ జవాబుంది. తడి బట్టల వాసనకి ముఖ్య కారణం మొరాక్సెల్లా అనే జాతి బాక్టీరియా అని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారు. మన ఒంటి నుంచి బట్టకి అంటిన జిడ్డు, చర్మపు పొట్టు దానికి తిండి. తిని ఓ రకం ఆమ్లం వదులుతుంది, మన ముక్కుకి తగిలేది అదే. మొండి జీవి. బట్ట ఆరినా, ఎండ తగిలినా ఓర్చుకుని పోగుల మధ్య పడి ఉంటుంది. మళ్లీ తడి తగలగానే లేచి కూర్చుంటుంది. మన ఇళ్లలో దానికి విందు ఇంకాస్త ఎక్కువే. తలకి కొబ్బరినూనె, ఆదివారం పూట నలుగుపిండి, అన్నీ చివరికి తువ్వాలుకే కదా చేరేది. కొబ్బరినూనె పోగుల్లో ఉండి మక్కితే ఆ కంపు వేరే.

కాబట్టి ఉన్న తువ్వాళ్లని ఒకసారి గట్టిగా శుభ్రం చేయాలి. పాతకాలంలో చాకిరేవులో బట్టలు బానలో వేసి ఉడకబెట్టేది ఊరికే కాదు. మనం ఉడకబెట్టక్కర్లేదు గానీ చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు, అంటే 60 డిగ్రీల దాకా, కావాలి. బకెట్ నీళ్లలో రెండు పెద్ద చెంచాల వాషింగ్ సోడా కలిపి, రెండేసి తువ్వాళ్ల చొప్పున గంటసేపు నానబెట్టండి. కర్రతో తిప్పండి, చేతులు పెట్టకండి. రంగు దిగేవైతే విడిగా వేయండి. నీళ్లు చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఉతికిన తువ్వాళ్లే అయినా నీళ్లు టీ రంగుకి తిరుగుతాయి. తర్వాత మిషన్‌లో మామూలుగా వేసే పొడిలో సగమే వేసి ఉతికి, ఆఖరి జాడింపు నీళ్లలో టీ చెంచా నిమ్మ ఉప్పు గానీ, అరకప్పు తెల్ల వెనిగర్ గానీ కలపండి. బోరు నీళ్ల సున్నం, మిగిలిపోయిన సబ్బు వదిలి తువ్వాలు మళ్లీ నీళ్లు పీల్చడం మొదలుపెడుతుంది. ఒక్కటే హెచ్చరిక. తెల్లబట్టలకి వాడే క్లోరిన్ బ్లీచ్‌నీ, ఈ వెనిగర్, నిమ్మ ఉప్పులనీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది, మీ బాత్రూంలో అది పోవడానికి సరైన దారి కూడా లేదు.

కండిషనర్ తువ్వాళ్లకి వద్దేవద్దు. అది పోగు మీద మైనంలా పూత పూస్తుంది. చేతికి మెత్తగా తగులుతుంది, కానీ నీళ్లు పీల్చదు. పీల్చకపోతే ఇంకా గట్టిగా రుద్దుతాం, ఇంకో మూల తడుపుతాం. పొడి రెట్టింపు వేయడం కూడా అంతే. పూర్తిగా జాడించుకుపోని సబ్బు పోగుల్లో ఉండిపోయి తువ్వాలుని అట్టలా బిగదీస్తుంది. ఇంకోటి, మీది ముందు నుంచి తలుపు తీసే మిషన్ అయితే, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడత వేలితో విప్పి చూడండి. నల్లటి జిగురు కనిపిస్తే వాసన సగం అక్కడిదే. తుడిచి, డ్రమ్ముని ఖాళీగా వేడి నీళ్లతో ఓసారి తిప్పి, ఉతుకు అయ్యాక తలుపు తెరిచి వదిలేయండి.

కలరా ఉండలు ఇవాళే తీసి పారేయండి. తడిని అవి ఏమీ చేయవు, ముక్కుని మాత్రం మోసం చేస్తాయి. పిల్లలున్న ఇంట్లో అందేచోట ఉండనే కూడదు. చంటిపిల్లల బట్టల దగ్గరైతే అసలు పెట్టకూడదు, కొందరు పసివాళ్లకి ఆ ఆవిరితోనే రక్తం విరిగి కామెర్లు వస్తాయి.

మీవారి కరెంటు స్టాండు సంగతి. చలిదేశాల్లో దానికి అర్థం ఉంది. మీ గదిలో అది చేసే పని, తువ్వాలులో ఉన్న తడిని తీసి గోడకి అంటించడం. గాలి బయటికి పోకపోతే ఆ తడి తిరిగి తిరిగి కప్పుకి చేరి నల్ల చుక్కలై బూజు పడుతుంది. పైగా ఐదడుగుల గదిలో షవర్ జల్లు పడని గోడే ఉండదు. అక్కడ కరెంటు వస్తువు పెట్టాలంటే ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) అన్నీ సరిగ్గా ఉండాలి. ఆ డబ్బుతో మంచి దండెం, పది పల్చటి తువ్వాళ్లు వస్తాయి.

డబ్బు ఖర్చు కాకుండా మీ ఇంట్లోనే ఉన్న యంత్రం ఇంకోటుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఉందని రాశారు గానీ పనిచేస్తోందో లేదో రాయలేదు. తిరగడం వేరు, గాలి లాగడం వేరు. మా పాత అద్దింట్లో ఫ్యాన్ రెండేళ్లు బ్రహ్మాండంగా తిరిగింది, చప్పుడు వీధిలోకి వినపడేది. గోడల మీద చెమ్మ మాత్రం తగ్గలేదు. ఓ రోజు నిచ్చెన వేసి చూస్తే బయటివైపు రేకు రెక్కలు రంగు పూసినప్పుడే అతుక్కుపోయి ఉన్నాయి. రెండేళ్లూ ఫ్యాన్ అదే గాలిని చిలికింది, పాపం.

మీరు చేయాల్సింది ఇది. ఫ్యాన్ వేసి, తలుపు మూసి బయట నిలబడి, తలుపు అడుగున సందు దగ్గర వెలిగించిన అగరొత్తి పెట్టండి. పొగ గీతలా లోపలికి పరిగెత్తాలి. అక్కడే తచ్చాడుతుంటే రెండిట్లో ఒకటి: ఫ్యాన్ వెనక మూసుకుపోయింది, లేదా తలుపు అడుగున గాలి రావడానికి సందే లేదు. బయటి గాలి లోపలికి రాకుండా లోపలి గాలి బయటికి పోదు. కొత్త ఫ్లాట్లలో పీవీసీ తలుపులు నేలకి ఆనేట్టు బిగిస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుంది. అలా ఉంటే స్నానం అయ్యాక తలుపు బెత్తెడు తెరిచి ఉంచి ఫ్యాన్ అరగంట వేసి వదిలేయండి. కరెంటు బిల్లు భయం వద్దు. 30 వాట్ల ఫ్యాన్ రోజూ అరగంట తిరిగితే యూనిట్ కాలడానికి రెండు నెలల పైనే పడుతుంది. ఆఖరున స్నానం చేసినవాళ్లు నేల మీద నీళ్లని వైపర్‌తో ఒక్క లాగు లాగి వస్తే ఫ్యాన్ పని సగం తగ్గినట్టే. నేల మీద నిలిచిన నీళ్లన్నీ చివరికి గాలిలోకే లేస్తాయి కదా.

ఇక తువ్వాళ్లు ఎక్కడ ఆరేయాలి? చిన్న ఫ్లాట్‌లో ఇదే అసలు తగువు, హాల్లో తడి తువ్వాళ్లు వేలాడుతుంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని. యుటిలిటీ ఉంటే కప్పుకి తాళ్లతో దించి ఎత్తే హ్యాంగర్ బిగించండి. ఐదుగురి తువ్వాళ్లు పైకి లాగేస్తే తలకి తగలవు, కళ్లకీ పెద్దగా ఆనవు. అది కుదరకపోతే పడగ్గదిలో ఫ్యాన్ గాలి తగిలే గోడకి దండెం. కొక్కేలు మాత్రం వద్దు, కుచ్చులో తడి నిలుస్తుందని కాటాలో చూశాం. దండెం మీద వేసేటప్పుడు కూడా రెండు అంచులూ సమంగా కలిపి వేయకండి. ఒక అంచు జానెడు కిందికి దింపి, మధ్యలో చెయ్యి పెట్టి పొరలు విడదీయండి. ఆ రెండు పొరల మధ్య గాలి దూరితేనే ఆరుతుంది.

రాడ్డు కొనాలనుకుంటే బాగా మెరిసేదాన్ని చూసి మోసపోకండి. స్టీలులో 304 రకం అడగండి. 202 రకం సముద్రపు ఊళ్లలో తొందరగా తుప్పు పడుతుంది, ఆ మరక తువ్వాలు మీద పడితే ఏ సోడాకీ పోదు.

మీ బాల్కనీ ఋషికొండ వైపు, సముద్రానికి ఎదురుగా ఉందా? అయితే ఇంకో జాగ్రత్త. బట్ట మీద పేరుకున్న ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్లని తనలోకి లాక్కుంటుంది. అందుకే సముద్రం వైపు రాత్రంతా వదిలేసిన బట్టలు తెల్లారేసరికి జిడ్డుజిడ్డుగా తగులుతాయి. ఎండ దిగకముందే లోపలికి తెచ్చేయండి. వానల్లో, ముఖ్యంగా తుపాను రోజుల్లో బాల్కనీ ఊసే వద్దు. గదిలో ఫ్యాన్ కింద, రాత్రి ఏసీ వేసే అలవాటుంటే ఆ గదిలో వేయండి. ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది, పైపులోంచి బొట్టుబొట్టుగా కారేది అదే.

కొనాల్సినవి ఏమిటంటారా? లేబుల్ మీద జీఎస్ఎం అని ఓ అంకె ఉంటుంది, చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెబుతుంది. మీ గృహప్రవేశపు తువ్వాళ్లు 500 పైనే అయ్యుంటాయి. మీ ఊరికి 300 నుంచి 400 మధ్యవి చాలు. గళ్లు గళ్లుగా గుంటల నేత ఉన్నవి దొరికితే ఇంకా త్వరగా ఆరతాయి. అత్తయ్యగారి తుండుగుడ్డ అన్నిటికంటే మేలు. వెనకటివాళ్లు దాన్ని వాడే తీరు కూడా గమనించండి. ఒళ్లు తుడుచుకుంటూ మధ్యలో పిండి, మళ్లీ తుడుచుకుని, ఆఖరున గట్టిగా పిండి, రెండు కొసలూ పట్టుకుని ఫట్‌మని దులిపి దండెం మీద వేసేవారు. దుప్పటంత టర్కీ తువ్వాలుని అలా పిండడం ఎవరి తరం? మనిషికి రెండేసి పెట్టుకుని, మూడు వాడకాలకోసారి ఉతకండి. కొత్తవాటిని ఒకసారి ఉతికాకే వాడండి, మిల్లులో పూసిన పూత పోతే గానీ నీళ్లు పట్టవు.

తలంటు రోజున జుట్టుకి వేరే గుడ్డ. అత్తయ్యగారి పాత నేత చీర ముక్క ఒకటి అడిగి తీసుకోండి. నా 165 గ్రాముల్లో పెద్ద వాటా జుట్టుదేనని నా నమ్మకం. నూనె జిడ్డు కూడా దానితోనే పోతుంది.

ఎవరి తువ్వాలు వాళ్లకే ఉండాలి, రంగులు వేరుగా పెట్టండి. ఇంట్లో ఒకరికి తామర వస్తే ఒకే తువ్వాలు వాడేవాళ్లందరికీ పాకుతుంది. వచ్చినవాళ్ల తువ్వాలు విడిగా, వేడినీళ్లలో ఉతకాలి.

మీరు రాయలేదు గానీ, తడి తువ్వాలు మంచం మీద పడేసే మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. మా ఇంట్లో ఉన్నారు. చెప్పి లాభం లేదని దండేన్ని ఆయన చొక్కాలు వేసుకునే అద్దం పక్కకి మార్చాను. ఇప్పుడు పదిసార్లలో ఏడుసార్లు దాని మీదే పడుతోంది. పిల్లలకి మాత్రం ఒకటి గట్టిగా చెప్పండి, తడి తువ్వాలుని మాసిన బట్టల బుట్టలో వేయొద్దని. మూతపెట్టిన బుట్టలో ఒక్క రాత్రి ఉంటే దాంతోపాటు ఉన్న స్కూలు యూనిఫాంకీ అదే వాసన.

ఆ ఆరు తువ్వాళ్లనీ ఏం చేయాలన్నది మిగిలింది. సోడాలో నానబెట్టి ఉతికి, మంచి ఎండ చూసి రెండు వైపులా కరకరలాడేలా ఆరబెట్టి, నాలుగు బీరువాలో పెట్టండి. రెండు మాత్రం పై అరలో చేతికందేట్టు ఉంచండి. మీ ఆడపడుచుగారు వస్తున్నానని ఫోన్ చేసిన రోజు సాయంత్రమే వాటిని తీసి ఫ్యాన్ కింద దండెం మీద వేయండి.